కడగకూడని స్పాంజి

మే 4

పెద్దమ్మకి,

ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేను. నేను ఫోన్ తీయగానే నాన్న వచ్చి పక్కన నిలబడతాడు. లిఫ్టులు బాగుచేసి వచ్చి, ఒంటి మీద గ్రీజు మరకలు కూడా తుడుచుకోకుండా. నేను మాట్లాడుతూ ఆయన మొహం చూస్తాను. చూస్తే నాకు ఏడుపొస్తుంది. నాకు ఏడుపొస్తే ఆయన వెళ్ళి పంపు తిప్పి చాలాసేపు మొహం కడుక్కుంటాడు. ఇంత గొడవెందుకని ఉత్తరం రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, అమ్మ ఆసుపత్రిలో ఆ గాజు గదిలోంచి ఇంటికొచ్చాక కొన్ని నెలలపాటు ఇంట్లో చేపల తొట్టి ఉండకూడదని డాక్టరుగారు చెప్పారు. ఆ నీళ్ళలో క్రిములుంటాయట. అమ్మ రక్తంలో క్రిములతో పోట్లాడేవాళ్ళని మందులు మొత్తం చంపేశాయట, మళ్ళీ కొత్తవాళ్ళు పుట్టాలట. రోజూ బడికెళ్ళి వందమంది పిల్లల్ని రాసుకుని వచ్చే పిల్ల కూడా ఇంట్లో లేకపోతే మంచిదన్నారు. అంటే నేను. అందుకని నేను నీ దగ్గరుండి చదువుకోవాలని నువ్వూ నాన్నా అనేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు. పోనీలే.

నాన్న చేపల్ని షాపువాడికి తిరిగి ఇచ్చేస్తానంటున్నాడు. ఇస్తే నేను రాను. ఇది బెదిరింపు కాదు, షరతు.

నా దగ్గరున్నవి రెండు తేనెరంగు గౌరామీలు. వేలంత కూడా ఉండవు. మగవాడి పేరు కండక్టర్. పొట్ట కింద దారాల్లాంటి రెండు మీసాలుంటాయి, వాటితో ఎదురొచ్చిన ప్రతిదాన్నీ తట్టి చూస్తాడు, టికెట్టు తీసుకున్నారా అన్నట్టు. ఆడదాని పేరు టీచరమ్మ. మూలన నిలబడి అందర్నీ గమనిస్తూ ఉంటుంది.

వాటికి నీ ఇంట్లో రెండడుగుల తొట్టి చాలు. అడుగున సన్నగులక, రెండు మూడు రకాల మొక్కలు, ఒక చిన్న చెక్కమొద్దు. నీళ్ళ మీద తేలే మొక్కలు తప్పనిసరి, వాటికి నీడ కావాలి. ఫిల్టరు స్పాంజిది తీసుకో, బుడగలు మెల్లగా వదిలేది. నీళ్ళు జోరుగా తిరిగితే అవి అలిసిపోతాయి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. పైన మూత ఉండాలి.

ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత వెయ్యి. షాపులో అమ్మోనియా చూసే చుక్కలమందు దొరుకుతుంది. గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పోసి చుక్కలు వేస్తే ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు, పసుపుగా ఉంటే లేనట్టు. మొదట ఆకుపచ్చే వస్తుంది. పసుపు వచ్చేదాకా చేపల్ని తేకూడదు. తెస్తే చచ్చిపోతాయి.

రాగానే జవాబు రాయి. అమ్మతో ఈ సంగతి మాట్లాడకు. నాకు షరతులున్నాయని తెలిస్తే బాధపడుతుంది.

నీ చెల్లెలి కూతురు


మే 11

లాయరమ్మా,

నీ నోటీసు అందింది. చదివి అరగంట నవ్వుకున్నాను. ఆ తర్వాత ఇంకో అరగంట నవ్వలేదు.

తొట్టి కొన్నాను. షాపువాడు మూడడుగులది అంటగట్టబోయాడు. "మా లాయరు రెండడుగులే అంది" అన్నాను. హాల్లో కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను, ఎండ బాగా పడుతుంది. ఇక పని చూడు. గులక తెచ్చి పెద్ద గిన్నెలో మరగబెట్టాను. చెక్కమొద్దునీ మరగబెట్టాను. మొక్కల్ని మరగబెడితే కూర అవుతుంది కాబట్టి, మేం ఆసుపత్రిలో నేల తుడవడానికి వాడే మందు బకెట్టు నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టాను. తొట్టిని అంచు దాకా నింపాను, చుక్క ఖాళీ లేకుండా. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూస్తున్నారు. లోపల ఏమీ లేకపోయినా.

నా ఉద్యోగం ఏమిటో నీకు సరిగ్గా తెలుసో లేదో. ఆపరేషన్లకి వాడే కత్తెరలూ, పట్టకార్లూ, గుడ్డలూ మా గదికొస్తాయి. కడిగి, పొట్లాలు కట్టి, గది సగం ఆక్రమించిన ఆవిరి యంత్రంలో ఉడికిస్తాం. ప్రతి పొట్లానికీ ఒక టేపు ముక్క అంటిస్తాం. దాని మీద చారలు నల్లబడితే లోపల ఏ పురుగూ బతికి లేదని అర్థం. నల్లబడకపోతే, పెద్ద డాక్టరు వచ్చి అరిచినా సరే, ఆ పొట్లం నా గది గుమ్మం దాటదు. ఇరవై ఏళ్ళుగా నేను చేసేది అదే. కాబట్టి నీ చేపల గురించి బెంగపడకు, సరైన మనిషి చేతికే అప్పగించావు.

చుక్కలమందు వేశాను. నువ్వన్నట్టే ఆకుపచ్చ వచ్చింది.

సరిగ్గా తింటున్నావా? మీ నాన్నని అడిగితే ఆమ్లెట్ అంటాడు. పొద్దున అడిగినా ఆమ్లెట్, సాయంత్రం అడిగినా ఆమ్లెట్. మీ అమ్మ గొంతు నిన్న కాస్త బాగుంది. నా చీర రంగు అడిగింది. ఏ రంగో నాకే గుర్తులేక తడబడ్డాను.

అన్నీ మరగబెట్టిన
మీ పెద్దమ్మ


మే 18

పెద్దమ్మకి,

మొక్కల్ని నేల తుడిచే మందులోనా! వెంటనే అవతల పారేసి కొత్తవి తెచ్చుకో. పాపం, అవి ఇప్పటికే కుళ్ళి ఉంటాయి. కిటికీ దగ్గర్నించి బల్ల జరుపు. ఎండ పడితే గాజంతా నాచు పడుతుంది. నీళ్ళు అంచు దాకా పోయకూడదు, నాలుగు వేళ్ళ ఎడం వదులు. గౌరామీలు పైకొచ్చి నోటితో గాలి మింగుతాయి. మొప్పలు చాలవు వాటికి. నీటికీ మూతకీ మధ్య ఉన్న గాలి వెచ్చగా ఉండాలి. చల్లగాలి మింగితే జబ్బు చేస్తుంది. నీళ్ళలో ఉండేదానికి గాలెందుకే అంటావు. వాటికి కావాలి, అంతే.

ఇక్కడ రోజుకో వస్తువు ఇంట్లోంచి పోతోంది. మొదట కర్టెన్లు, దుమ్ము పడుతుందని. తర్వాత తివాచీ. పోయిన వారం దిండ్ల సోఫా. కుండీలో మట్టి ఉందని బాల్కనీ మొక్కలు పక్కింటికి ఇచ్చేశాడు నాన్న. నా పుస్తకాల అల్మరా మెట్ల కిందకి వెళ్ళింది. మాట్లాడితే గోడకి తగిలి మళ్ళీ వినబడుతోంది. ఇంకా మిగిలింది తొట్టీ, నేనూ.

రక్తంలో ఆ పోట్లాడేవాళ్ళ లెక్క పెరిగితే జూన్ ఆఖరుకి అమ్మని పంపిస్తారట. అంతకు ముందే ఇల్లంతా మందు కొట్టించాలట. నేను బయల్దేరాకే కదా మందు కొట్టేది. నేను బయల్దేరాలంటే చేపలు బయల్దేరాలి. చేపలు బయల్దేరాలంటే నీ గాజుగొట్టం పసుపు కావాలి. పెద్దమ్మా, ఇదంతా నీ గొట్టం మీదే ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. నాకే భయంగా ఉంది.

ఆదివారం గాజు బయట నిలబడి అమ్మని చూశాను. నాకు మాస్కు, గౌను, నెత్తికి టోపీ, చేతులకి మందు, చెప్పులకి కూడా సంచులు తొడిగారు. అమ్మకి నేనేనని తెలియడానికి చెయ్యి ఊపాల్సి వచ్చింది.

రంగు ఏమొచ్చిందో రాయి.

నీ చెల్లెలి కూతురు


మే 30

లాయరమ్మా,

కొత్త మొక్కలు వచ్చాయి. బల్ల జరిపాను, నడుం పట్టేసింది. నాలుగు వేళ్ళ ఎడం వదిలాను. మేత వేస్తున్నాను. రోజు విడిచి రోజు గొట్టంలో చుక్కలు వేస్తున్నాను. ఆకుపచ్చే. నిన్న మరీ ముదురు ఆకుపచ్చ. షాపువాడిని అడిగితే ఓపిక పట్టండమ్మా అంటాడు, వాడికేం పోయింది.

నా వైపు నుంచి లోటేమీ లేదు. తొట్టి అద్దంలా ఉంచుతున్నాను.

కాబట్టి ఇప్పుడప్పుడే బయల్దేరకండి. నీళ్ళు కుదరాలి. జూన్ ఆఖరుకి రాకపోయినా కొంపలేం మునిగిపోవు, ఇంకో నెల ఆలస్యమైతే అవుతుంది.

మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. మీ అమ్మకి జ్వరం వచ్చిందటగా. నీకు చెప్పానన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఆ మాట విన్నాక పనిలో ఒకే పొట్లానికి రెండుసార్లు టేపు అంటించాను. నాతో పనిచేసే పిల్ల "ఇవాళ మీరు ఇంటికెళ్ళండి మేడమ్" అంది. ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తోచక తొట్టంతా మళ్ళీ ఓసారి శుభ్రం చేశాను.

నువ్వు బెంగపెట్టుకోకు. వేళకి పడుకో.

మీ పెద్దమ్మ


జూన్ 6

పెద్దమ్మకి,

కొంపలు మునగవని రాశావు. మా కొంప సంగతి నీకు తెలీదు.

జ్వరం తగ్గింది. లెక్క పెరుగుతోంది. అమ్మ 29న వస్తోంది. తేదీ కూడా ఇచ్చేశారు. నువ్వేమో ఇంకో నెల అంటున్నావు. ఆ నెల అమ్మ ఎక్కడుండాలి? ఆసుపత్రి వరండాలోనా?

నిన్న నాన్న వాళ్ళ మేస్త్రీతో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. "వాళ్ళ పెద్దమ్మ ఇంకా సిద్ధంగా లేదండీ" అన్నాడు. తొట్టి సిద్ధంగా లేదని అనలేదు. పెద్దమ్మ అన్నాడు.

నీకు నేను రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాసెయ్. రెండు గదుల ఇల్లు, నువ్వొక్కదానివే హాయిగా ఉంటున్నావు. నాకు అర్థమవుతుంది. రంగు ఆకుపచ్చ, ఆకుపచ్చ అని నెలంతా రాయక్కర్లేదు. నా తొట్టి పెట్టినప్పుడు ఇన్నాళ్ళు పట్టలేదు. నీళ్ళు అన్ని ఊళ్ళల్లోనూ నీళ్ళే.

బడిలో హాస్టలుందట. నేను మా క్లాస్ టీచర్ని అడిగాను. హాస్టల్లో చేపలు పెట్టనివ్వరు. షాపువాడు వాటిని చారల చేపల తొట్టిలో వేసేస్తాడు. అవి మీసాలు కొరికేస్తాయి. మీసాల్లేకపోతే కండక్టర్‌కి ఏది ఎక్కడుందో తెలీదు. అయినా ఏం చేస్తాం.

అమ్మకి మాత్రం నేను నీ దగ్గరే ఉన్నానని చెప్పండి.

ఇట్లు
నీ చెల్లెలి కూతురు


జూన్ 10

ఏమే,

హాస్టలా? ఎవరే నీకు హాస్టలు నేర్పింది?

నీ ఉత్తరం డ్యూటీకి వెళ్ళేముందు చదివాను. బస్సులో రెండు స్టాపులు దాటిపోయాను. నాకు ఇష్టం లేదా? నీకోసం గదిలో మంచం మార్చాను, మేకులన్నీ పీకి గోడకి రంగు వేయించాను, దీపం కూడా తలకి దగ్గరగా పెట్టించాను, పడుకుని చదువుతావని. అవన్నీ రాయలేదు. రాయాలని తెలీలేదు. నేను పిల్లల్ని పెంచినదాన్ని కాను, నీకేది రాయాలో ఏది రాయకూడదో నాకెలా తెలుస్తుంది?

నిజం చెప్పు. నీకే రావాలని లేదు. అందుకే చేపలు, మూత, మీసాలు అని రోజుకో మెలిక పెడుతున్నావు. అంతేనా? అదే అయితే సూటిగా చెప్పెయ్. నేనేం ఏడవను. ఏడ్చినా నీకు కనబడను.

ఇంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ప్రతి ఆదివారం ఫిల్టర్లో స్పాంజి తీసి, సబ్బుతో రుద్ది, నాలుగు నీళ్ళలో జాడించి, కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్ రానిస్తున్నాను. టేపు కూడా అంటిస్తున్నాను, మా గది టేపే. చారలు నల్లబడితేనే తిరిగి తొట్టిలో పెడుతున్నాను. మీ అమ్మకి జ్వరం అన్నరోజు ఆదివారం కాకపోయినా ఉడకబెట్టాను. మర్నాడు కూడా. ఆపరేషన్ గదిలో వాడుకోవచ్చు ఆ స్పాంజిని. అంత శుభ్రంగా ఉంటే ఆ పాడు గొట్టం పసుపు ఎందుకు రాదో నువ్వే చెప్పు.

కోపంతో రాశాను. చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను, బస్సు వేళైంది.

పెద్దమ్మ


జూన్ 13

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో.

కుక్కర్లోనా? సబ్బుతోనా? ఉత్తరం నాన్నకి చూపించాను. నాన్న నవ్వాడు. ఏప్రిల్ తర్వాత నాన్న నవ్వడం ఇదే మొదటిసారి, కాబట్టి నీకు సగం శిక్ష రద్దు.

విను. మేత కుళ్ళినా, చేప ఉచ్చ పోసినా విషం పుడుతుంది. అదే ఆకుపచ్చ రంగు. ఆ విషాన్ని తినేసేది క్రిములు. మంచి క్రిములు. అవి స్పాంజిలో ఇల్లు కట్టుకుంటాయి, చాలా మెల్లగా, వారాలు పడుతుంది. అవి పెరగాలనే చేపలు లేకపోయినా మేత వెయ్యమన్నాను, ఆ విషమే వాటి తిండి. నువ్వు ప్రతి ఆదివారం వాటన్నిటినీ ఉడకబెట్టి, అందరూ చచ్చారని టేపు చూసుకుని, మళ్ళీ మొదట్నించీ మొదలుపెడుతున్నావు. ఇలా అయితే పదేళ్ళయినా పసుపు రాదు. నేను మేత వెయ్యమన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. స్పాంజిని కుక్కర్లో పెట్టేవాళ్ళుంటారని నాకేం తెలుసు.

ఆదివారం నాన్న నా బడి కాగితాలు తీసుకుని మీ ఊరొస్తున్నాడు. నా ఫిల్టర్లో రెండు స్పాంజిలున్నాయి, ఒకటి నీకు పంపిస్తున్నాను. మూతున్న డబ్బాలో, నా తొట్టి నీళ్ళలోనే పెట్టాను. గోధుమరంగులో జిగటగా ఉంటుంది, నువ్వు చూడగానే అరుస్తావు. కడగొద్దు. పంపు కింద పెట్టొద్దు. పిండొద్దు. వాసన చూడు, వాన పడ్డ మట్టి వాసన వస్తుంది, కుళ్ళు వాసన కాదు. నీ స్పాంజి పీకేసి దీన్ని తగిలించు. తగిలించి ఇంక ముట్టుకోకు.

నీకు కోపమొచ్చిందని నాకు కోపం రాలేదు. నాకు నీ దగ్గరికి రావాలనే ఉంది. మంచం సంగతి ముందే రాయొచ్చుగా.

ఇంకొకటి అడగాలి. నీ ఉత్తరం చదువుతుంటే అనిపించింది. స్పాంజిలో క్రిములున్నాయని నువ్వు ఉడకబెట్టావు. నాలోనూ ఉన్నాయని కదా నన్ను ఇంట్లోంచి పంపుతున్నారు. తివాచీని పంపినట్టే. మొక్కల్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు, సోఫా అమ్మేశారు, ఏదీ తిరిగి రాదు. అమ్మకి తగ్గాక నేను తిరిగి ఇంటికి రావచ్చా? లేకపోతే నేనూ, చేపలూ అక్కడే ఉండిపోవాలా? నాన్నని అడిగితే "చూద్దాంలే" అన్నాడు. చూద్దాంలే అంటే ఏమిటో నాకు తెలుసు. సోఫా గురించి కూడా ముందు అదే అన్నాడు.

నా బట్టలు, బొమ్మలు, పుస్తకాలు, బహుమతి కప్పులు అన్నీ పెట్టెల్లో సర్దేశాను. ఏమీ మిగల్లేదు. మందు కొట్టేవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

నిజమే రాయి. నన్ను సముదాయించడానికి రాయకు, నేను పట్టేస్తాను.

నేను


జూన్ 22

లాయరమ్మా, నా తల్లీ,

ఆదివారం మీ నాన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. టీ తాగి, కాగితాలు బడిలో ఇచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ మనిషి చిక్కిపోయాడు. ఇంకెవరైనా పెట్టే తిండి తినాలి ఆయన, తను చేసుకున్న ఆమ్లెట్లు కాకుండా.

మూత తీశాను. నువ్వన్నట్టే అరిచాను. మా గదిలో అలాంటిది కనబడితే అందర్నీ వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టేదాన్ని. గ్లవ్స్ తొడుక్కున్నాను. తీసేశాను. మళ్ళీ తొడుక్కున్నాను. ఎంతసేపు అలా చేశానో తెలీదు. నీకు నవ్వొస్తుంది గానీ, నాకు నిజంగా భయమేసిందే. నా చెల్లెలు గాజు గదిలో ఉంది. కంటికి కనబడని పురుగొకటి దాన్ని ఎత్తుకుపోతుందేమోనని ఆర్నెల్లుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. అక్కడ ఆ గదిలోకెళ్ళి తుడవడానికి నాకు వీల్లేదు. అందుకే ఇక్కడ నాకు దొరికినదాన్నల్లా ఉడకబెట్టాను. నీ చేపల తొట్టి నా చేతికి చిక్కింది. పాపం దానికేం తెలుసు.

చివరికి ఉత్తి చేత్తో పట్టుకుని తొట్టిలో పెట్టాను. వాసన కూడా చూశాను. మట్టివాసనే. నీళ్ళు కాసేపు మురికిపట్టాయి, ఆ పూట నేను హాల్లోకి వెళ్ళలేదు. నా మీద నాకు నమ్మకం లేక కుక్కర్ పట్టుకెళ్ళి కింద వాటాలో దర్జీకి ఇచ్చాను, నేనొచ్చి కాళ్ళు పట్టుకున్నా ఇవ్వొద్దని చెప్పి. మంగళవారం అడిగాను. ఇవ్వలేదు.

గురువారం గొట్టం లేతగా వచ్చింది. నిన్న పసుపు. ఇవాళ పొద్దున మళ్ళీ వేసి చూశాను, పసుపు. దర్జీని పైకి పిలిచి చూపించాను, నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమోనని. పసుపే అన్నాడు. తీసుకొచ్చెయ్ వాటిని.

ఇక నీ ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పకూడదనిపించింది. మీ అమ్మకి ఫోన్ చేసి నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. చెప్పొద్దన్నావు, చెప్పాను, వచ్చాక తిట్టు. అది విని, "దాని చలికోటు అక్కా, అది కూడా సర్దేసిందా?" అంది. అన్నీ సర్దిందట అన్నాను. "కోటు పంపొద్దని చెప్పు. నా బీరువాలో, నా బట్టల పక్కనే పెట్టమను. చలికాలానికి అది ఇక్కడికొచ్చి వేసుకుంటుంది" అంది.

ఏ నెలకో డాక్టరు చెప్పలేదు. నేనూ ఒట్టు వెయ్యను, నాకు తెలియదు కాబట్టి. భయం నాకూ ఉంది. కానీ తివాచీ సంగతి మీ అమ్మ అడగలేదు. సోఫా ఊసెత్తలేదు. నీ కోటు అడిగింది.

ఇంకో మాట కూడా అంది. ఆ కోటు ఉతక్కుండా పెట్టాలట. నేను వెంటనే, "ఉతక్కుండా ఎలాగే?" అన్నాను. "ఉతికితే అది మామూలు కోటే కదా అక్కా" అంది. ఇరవై ఏళ్ళు ఈ ఉద్యోగం చేసినదాన్ని, సరేనన్నాను. అందుకని ఇలా చెయ్. కోటుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టి, బీరువాలో ఉంచు. డాక్టరు సరేనన్న రోజున మీ అమ్మే విప్పుకుంటుంది. అంతవరకూ సంచి బయట నుంచి చూసుకుంటుంది. ఆ మాత్రానికి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు, చెబితే నేను మాట్లాడతాను.

నిన్ను పంపేది నువ్వు మురికిదానివని కాదే. క్రిములు మీ నాన్న దగ్గరా ఉన్నాయి, ఇరవై ఏళ్ళు చేతులు కడిగిన నా దగ్గరా ఉన్నాయి. ఇప్పుడు కాపలావాళ్ళు లేనిది మీ అమ్మ ఒంట్లో. వాళ్ళు పుట్టగానే నువ్వెళ్ళిపోతావు. నేను మళ్ళీ ఒక్కదాన్నే అవుతాను, అది వేరే సంగతి.

బస్సులో జాగ్రత్త. నిన్ను ఉడకబెట్టను, ప్రామిస్.

పెద్దమ్మ


జూన్ 26

పెద్దమ్మా,

ఎల్లుండి పొద్దున బయల్దేరుతున్నాం, చేపలూ, నాన్నా, నేనూ. ఎల్లుండి సాయంత్రం ఇక్కడ మందు కొడతారు, ఆ మర్నాడు అమ్మ వస్తుంది. మూతున్న బకెట్లో సగమే నీళ్ళు పోస్తున్నాను, పైన గాలి ఉండాలి కదా. బకెట్ నా కాళ్ళ మధ్య పెట్టుకుంటాను, పైన పెట్టమని కండక్టర్ ఎంత అరిచినా సరే. బస్సు కండక్టర్ సంగతి నేను చెప్పేది. మేం రాగానే చేపల్ని తొట్టిలో వదలకు. బకెట్లో నీ తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కలపాలి. అది నేను చేస్తాను, నువ్వు చూడు.

అమ్మకి చెప్పావని కోపం వచ్చింది. మధ్యాహ్నానికి పోయింది.

పెట్టె విప్పి కోటు బయటికి తీశాను. తీసి చూస్తే, పోయిన చలికాలం అయిపోగానే నాన్న దాన్ని డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేశాడట. మొత్తం మందువాసన. మెడ దగ్గర, చంకల్లో, జేబుల్లో ఎక్కడ వాసన చూసినా నేను లేను. అమ్మ సంచి మూతి విప్పితే డ్రైక్లీనింగ్ షాపు వాసన వస్తుంది.

అందుకని నిన్న పొద్దున్నించీ కోటు వేసుకునే ఉన్నాను. బయట ఎండ మండిపోతోంది, ఫ్యాను కూడా కట్టేశాను. గుండీలన్నీ పెట్టుకుని, కాలరు పైకెత్తుకుని, సోఫా లేని హాల్లో నేల మీద కూర్చున్నాను. చెమటలు ధారలు కట్టాయి. నాన్న పనినుంచి వచ్చి చూసి హడలిపోయాడు, చలిజ్వరం అనుకుని నుదుటి మీద చెయ్యి పెట్టాడు. సంగతి చెప్పాను. వెళ్ళి పంపు తిప్పుకుని చాలాసేపు మొహం కడుక్కుని వచ్చి, నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

రాత్రి కూడా దాంతోనే పడుకున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడూ వేసుకునే ఉన్నాను, అందుకే అక్కడక్కడా సిరా అలుక్కుపోయింది, ఏడ్చాననుకోకు. రేపు రాత్రి దాకా విప్పను.

నీ లాయరు